ఒక చీటీ, మూడు షాపులు

మా సంఘములోని ఒక వృద్ధ సహోదరి, భర్త పోయిన తరువాత నిద్రపట్టక, డాక్టరుగారు వ్రాసిన ఆల్ప్రజోలం మాత్రలు వాడసాగారు. పది రోజులకని వ్రాసిన చీటీ రెండేళ్లు నడిచింది. మేము పరామర్శకు వెళ్లినప్పుడు తలగడ క్రింద మూడు షాపుల కవర్లు కనిపించాయి.

ఈ మాత్రలు హెచ్1 షెడ్యూలులోనివి. 2014 మార్చి 1 నుండి అమలైన నియమము ప్రకారము, షాపువారు డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చినదీ వేరే రిజిస్టరులో వ్రాసి మూడేళ్లు ఉంచాలి. మంచి నియమమే. అయితే ఒక షాపు పుస్తకానికి పక్క షాపు పుస్తకము సంగతి తెలియదు. అసలు వ్రాయని షాపు మాట చెప్పనే అక్కరలేదు!

అమెరికాలో ఈ లెక్కలు రాష్ట్రాలవారీగా కంప్యూటరులో ఒకచోట చేరతాయి. రోగి ఎక్కడ ఎంత కొన్నదీ డాక్టరు మందు వ్రాయకముందే చూడగలరు. మన రిజిస్టర్లు కూడా అలా కలిస్తే ఈ సహోదరి సంగతి రెండవ నెలలోనే బయటపడేది. కాని అక్కడ లెక్కకు భయపడి, నిజముగా నొప్పితో మూలిగేవారికి మందు వ్రాయుట మానుకొన్న డాక్టర్లూ ఉన్నారు. కేన్సరు రోగికి మార్ఫిన్ అందనివ్వని కట్టడి మాత్రము మనకు వద్దు.

సంగతి తెలిసి, కుమారుడు మాత్రలన్నీ పారవేయబోయాడు. ఒక్కసారిగా ఆపితే ఫిట్సు రావచ్చునని డాక్టరుగారు వారించి, కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గించారు. ఇప్పుడు సగము మాత్రకు వచ్చింది. అదీ ఒకే షాపునుండి, కోడలే తెచ్చి ఇస్తున్నది.