ఈక్వియానో ఎవరి మనిషి? అపోహలు – వాస్తవాలు

ఒలౌదా ఈక్వియానో ఆత్మకథ 1789లో లండన్‌లో వెలువడింది. చిన్నతనంలోనే బానిసగా అమ్ముడై, తన వెల తానే చెల్లించుకుని బయటపడ్డ మనిషి స్వయంగా రాసుకున్న పుస్తకమది. ఆయన బతికుండగానే తొమ్మిది ముద్రణలు పొందింది. అయినా ఆయన గురించిన కొన్ని అపోహలు నేటికీ పోలేదు.

అపోహ: తెల్లవాళ్ల పేరు ఇష్టపడి పెట్టుకున్నాడు.

వాస్తవం: బానిసల ఓడలో మైకేల్ అన్నారు, వర్జీనియాలో జేకబ్ అన్నారు. ఆ తర్వాత ఆయన్ను కొనుక్కున్న నౌకాదళ అధికారి పాస్కల్, ఒక స్వీడన్ రాజు పేరు తెచ్చి గుస్తావస్ వాసా అన్నాడు. జేకబ్ అనే పిలవమని ఆ పిల్లవాడు మొండికేశాడు. దెబ్బలు పడ్డాకే కొత్త పేరుకు పలికాడు. తర్వాత జీవితమంతా, వీలునామాలో సైతం, ఆ పేరే వాడాడు. పుస్తకం మీద మాత్రం ముందు ఒలౌదా ఈక్వియానో అనీ, తర్వాత గుస్తావస్ వాసా అనీ, ఆ వెంటనే ఆఫ్రికన్ అనీ అచ్చు వేయించాడు.

అపోహ: ఇంగ్లిష్ చదువు, క్రైస్తవం అబ్బాక సొంత జాతిని చిన్నచూపు చూశాడు.

వాస్తవం: తెల్లవాళ్లలా ఉండాలని చిన్నప్పుడు తపించిన మాట నిజమే. ఆయన దాన్ని దాచలేదు. గర్న్‌సీ దీవిలో తనతో ఆడుకునే పాప ముఖం తల్లి కడగగానే ఎర్రగా మెరిసేది. అది చూసి తన ముఖాన్నీ పదేపదే కడుక్కున్నాడు. రంగు మారకపోయేసరికి కుమిలిపోయాడు. ఆ బాధను రాసిన చేత్తోనే మొదటి అధ్యాయమంతా తన జాతి ఇగ్బోల జీవితానికి ఇచ్చాడు. వాళ్ల పెళ్లిళ్లు, పంటలు, ఆటపాటలు, చేతులు కడుక్కోనిదే ముద్ద ముట్టని శుభ్రత అన్నీ అందులో ఉన్నాయి. ఆఫ్రికన్లకు నాగరికతే లేదని వాదించే బానిస వర్తకులకు అది సూటి జవాబు.

అపోహ: ఆయన అమెరికాలో పుట్టాడని రుజువైంది, కాబట్టి ఆఫ్రికా బాల్యం కట్టుకథ.

వాస్తవం: రుజువు కాలేదు. 1759 నాటి బాప్తిస్మ రికార్డులో కరోలినా అనీ, ఆయన వెళ్లిన 1773 ఆర్కిటిక్ యాత్ర ఓడ జాబితాలో సౌత్ కరోలినా అనీ ఉన్న మాట వాస్తవం. పరిశోధకుడు విన్సెంట్ కరెట్టా వీటిని ఎత్తిచూపారు. పాల్ లవ్‌జాయ్ వంటి చరిత్రకారులు ఆఫ్రికాలోనే పుట్టాడంటారు. బాప్తిస్మం నాటికి ఆయన యజమాని చేతిలో ఉన్న పిల్లవాడన్నది మరవకూడదు.

అపోహ: స్వేచ్ఛ వచ్చాక ఇంగ్లండ్‌లో కలిసిపోయి తనవాళ్లను మరిచాడు.

వాస్తవం: చిల్లర వ్యాపారంతో కూడబెట్టి, 1766లో మాంట్సెరాట్‌లో స్థానిక కరెన్సీలో 70 పౌండ్లు కట్టి విడుదలయ్యాడు. 1792లో సుసానా కల్లెన్ అనే ఇంగ్లిష్ మహిళను పెళ్లాడాడు. కానీ జోంగ్ అనే బానిసల ఓడ మీంచి 130 మందికి పైగా బందీలను సముద్రంలో తోసేసిన సంగతిని 1783లో బానిసత్వ వ్యతిరేకి గ్రాన్‌విల్ షార్ప్ చెవిన వేసింది ఆయనే. నేర్చుకున్న భాషనూ మతాన్నీ ఇంగ్లండ్‌నే నిలదీయడానికి వాడాడు.

ఇంగ్లిష్‌వాడా, ఆఫ్రికనా తేల్చుకో అని ఆయన్ను అడగడం అన్యాయం. ఆ లెక్క అప్పజెప్పాల్సింది ఆయన్ను అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ.