గీత దాటనీయని కారు

పల్లెలలో పెరిగినవారికి ఈ అనుభవము క్రొత్త కాదు. సంతనుండి రాత్రివేళ తిరిగివచ్చు బండివాడు కునుకు తీసినను ఎడ్లు దారి తప్పవు. బండి ఇంటిముంగిటికి చేరును. దారిలో గుంట యున్నచో ఎడ్లే ప్రక్కకు తొలగును. నేటి మోటారు కార్లలో, అందును విద్యుత్తుతో నడచు క్రొత్త కార్లలో, ఇట్టి పని చేయుటకొక యంత్రము నమర్చుచున్నారు. దానిని లేన్ కీపింగ్ అసిస్ట్ అందురు. కారు తన వరుసకు హద్దుగా నున్న గీతను దాటబోయినచో, ఆ యంత్రము స్టీరింగును తానే త్రిప్పి బండిని లోపలికి తెచ్చును. ఎడ్లకును దీనికిని భేద మొక్కటే: ఎడ్లు గుంటను చూచును, ఇది గీతను చూచును. ఐరోపాఖండమున కార్లు నడుపువారు దీనినిగూర్చి చెప్పుకొను బాధలలో పెక్కు ఈ భేదమునుండియే పుట్టినవి.

మా మేనల్లుడొకడు ఐర్లండులో ఉద్యోగము చేయుచున్నాడు. క్రిందటి సంవత్సరము విద్యుత్ కారొకటి కొనినాడు. అక్కడ ఊళ్లను కలుపు రోడ్లు ఇరుకైనవి, ఇరువైపుల పొదలు గోడలవలె పెరిగియుండును. ఒకనాడు సైకిలుమీద పోవుచున్న వృద్ధు నొకరిని దాటుచు, ఆయనకు చోటిచ్చుటకై కారును కొంచెము కుడివైపునకు తీసినాడు. చక్రము నడిగీతను సమీపించగనే స్టీరింగు ఎడమకు గుంజుకొన్నది, అనగా ఆ సైకిలు వైపునకే. చేయి గట్టిగా పట్టియుండుటచే అపాయమేమియు జరుగలేదు. "మామయ్యా, స్టీరింగు ఇంకెవరో పట్టుకుని లాగినట్టయింది" అని ఆ రాత్రి ఫోనులో చెప్పినప్పుడు వాని గొంతులో అదురు ఇంకను పోలేదు.

యంత్రము చేసినదేమి? ముందరి అద్దమున కానుకొని లోపలి దర్పణము వెనుక చిన్న కెమెరా యొకటి యుండును. అది రోడ్డును ఎడతెగక చూచుచు, గీతలను గుర్తించి, వానికిని చక్రములకును నడుమ ఎంత దూరమున్నదో, కారు ఏ కోణమున వానివైపునకు పోవుచున్నదో కంప్యూటరునకు తెలుపుచుండును. గీత దాటుట తప్పదని తోచినచో, స్టీరింగునకు బలమిచ్చు విద్యుత్ మోటారునకు ఆజ్ఞ పోవును. ఇందు మాయ యేమియు లేదు. లెక్క చూడుడు. విశాలమైన రహదారిపై వరుస వెడల్పు 3.5 మీటర్లు, కారు వెడల్పు సుమారు 1.9 మీటర్లు అనుకొందము. ఇరుప్రక్కల 80 సెంటీమీటర్ల చొప్పున మిగులును. పల్లెరోడ్డుమీద వరుస 2.8 మీటర్లే యైనచో మిగులునది 45 సెంటీమీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగమున కారు ఒక్క సెకనులో 25 మీటర్లు పోవును. అంత ఇరుకులో అంత వేగమున గీతను తాకక నడుపుట నేర్పరికిని కష్టమే. యంత్రము మాటిమాటికి మేల్కొనుటలో వింత యేమున్నది!

గీతయే సరిగా లేనిచోట చిక్కు మఱింత హెచ్చును. మరమ్మతు జరుగు రోడ్లపై పాతగీత చెరగక, క్రొత్తగీత దాని ప్రక్కనే యుండును. జర్మనీలో అట్టిచోట తాత్కాలికముగా వేయు పసుపుగీతకే అధికారము, తెల్లగీతకు కాదు. మనుష్యుడు ఈ నియమమును ఒకసారి నేర్చిన చాలును. కెమెరాకో, రెండును గీతలే. తారు అతుకు, తడిరోడ్డుపై సాయంకాలపు ఎండ మెఱపు కూడ దానిని ఒక్కొక్కప్పుడు మోసగించును.

కొన్ని కార్లలో గీత దాటకుండ కాచుటయేకాక, కారును వరుస నడుమనే నడిపించు ఏర్పాటును గలదు. దానితో మఱియొక విసుగు. చోదకుని చేతులు స్టీరింగుమీద నున్నవా లేవా యని అది పరీక్షించుచుండును. స్పర్శను కనిపెట్టు చక్రమున్న కార్లలో తాకిన చాలును. తక్కిన కార్లలో చక్రముపై కొంత త్రిప్పుబలము పడినగాని చేయి యున్నట్లు తెలియదు. తిన్నని రోడ్డుమీద బుద్ధిగా చక్రమును పట్టుకొని కదలక కూర్చున్నవానిని "చేతులు పెట్టుము" అని గద్దించును! అంతర్జాతీయ నిబంధన ప్రకారము చేయి లేదని తోచిన 15 సెకనులలోగా తెరపై గుర్తు కనబడవలెను, 30 సెకనులలోగా గంట మ్రోగవలెను. ఇంజను చప్పుడు లేని విద్యుత్ కారులో ఆ గంట మఱింత గట్టిగా వినబడును.

ఇట్లైనచో దీనిని ఆపివేయరాదా యని మీరడుగవచ్చును. జపానులో నిస్సాన్ సిమా కారులో 2001లో ఇట్టి సాధనము వచ్చినప్పుడు అది కోరుకొన్నవారి వేడుక. ఇప్పుడట్లు కాదు. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన శాసనము ప్రకారము 2022 జూలై 6 నుండి క్రొత్త నమూనాలకును, 2024 జూలై 7 నుండి అమ్మకమునకు వచ్చు క్రొత్తకార్లన్నిటికిని అత్యవసర లేన్ కీపింగ్ ఏర్పాటు తప్పనిసరి. దానిని ఆపుట చోదకుని హక్కే. కాని ఒక్క మీటతో పొరపాటున ఆగిపోరాదు, వరుసగా కొన్ని పనులు చేసినపిమ్మటనే ఆగవలెను. కారును ఆపి మరల బయలుదేరదీయగనే అది తనంతట తాను మేల్కొనవలెను. విద్యుత్ కార్లలో మీటలనేకము తీసివేసి అన్నియు తెరమీదికి ఎక్కించినందున, ఈ చిన్నపని తెర పుటలు త్రిప్పు పెద్దపని యైనది. ప్రతి ఉదయము అదే పని.

శాసనకర్తలది వట్టి మొండిపట్టని అనజాలము. అమెరికాలో బీమా కంపెనీల పోషణలోనున్న రహదారి భద్రతాసంస్థ 2017లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, గీత దాటునప్పుడు హెచ్చరించు ఏర్పాటున్న కార్లలో అట్టి ప్రమాదములు నూటికి 11 వంతులు తగ్గినవి, గాయములైన ప్రమాదములు 21 వంతులు తగ్గినవి. అదే సంవత్సరము ఆ సంస్థ మఱియొకటి కూడ చూచినది. సర్వీసుకు వచ్చిన కార్లలో, ముందరి బండిని గ్రుద్దకుండ కాచు ఏర్పాటును నూటికి 93 మంది ఆపక యుంచుకొనిరి, గీతను కాచు ఏర్పాటును 51 మంది మాత్రమే. ప్రాణము కాపాడు వస్తువును సగముమంది మూలకు నెట్టిరన్నమాట. తప్పు వారిదేనని నేననుకొనను. పదిమార్లు అకారణముగా గుంజిన చేతిని పదునొకండవ మారు ఎవరు నమ్ముదురు?

ఈ యంత్రమునకు తెలిసిన భాష యొకటి కలదు. ప్రక్కకు తిరుగుటకు ముందు ఇండికేటరు వేసినచో, ఇది బుద్ధిపూర్వకముగా చేయుపనియని గ్రహించి సాధారణముగా ఊరకుండును. సైకిలును దాటునప్పుడు ఈ అలవాటు మంచిదే. గుంటను తప్పించుటకు ఇండికేటరు వేయువా డెవ్వడు? అప్పుడు చేతిబలమే శరణ్యము. యంత్రపు పట్టును మీఱుటకు 50 న్యూటన్లకు మించిన బలము పట్టరాదని నిబంధన యున్నది. అనగా ఐదు కిలోల బియ్యపు సంచిని ఎత్తునంత. ఎదిరించగల బలమే, సందేహము లేదు. ఎదిరించవలసియున్నదని ముందు తెలియకపోవుటయే బాధ. రెనో కంపెనీవారు తమ 5 ఈ-టెక్ విద్యుత్ కారులో మీట యొకటి పెట్టినారు. చోదకుడు ముందే ఎన్నుకొన్న ఏర్పాట్లు రెండుమార్లు నొక్కినచో అమలులోనికి వచ్చును. ఇది తెలివైన పని. తక్కినవారును అనుకరింపదగినది.

మనదేశమునను 2024, 2025 సంవత్సరములలో వచ్చిన టాటా కర్వ్, మహీంద్రా బీ.ఈ. 6, హ్యుండై క్రెటా విద్యుత్ కార్ల పైతరగతి నమూనాలలో ఈ సాధనమున్నది. హైదరాబాదు నుండి విజయవాడకు పోవువారు గీతలు స్పష్టముగానున్నచోట దానిని పరీక్షించి చూడవచ్చును. ఎదురుదారిన వచ్చు మోటారుసైకిలును మాత్రము అది లెక్కపెట్టదు. దానికి ప్రక్కకు తొలగు చేయి మీదే.

మా మేనల్లుడు ఇప్పుడు ఇంటివద్దనే తెరమీద ఆ ఏర్పాటును ఆపి బయలుదేరుచున్నాడు. పల్లెరోడ్డు దాటి పెద్దరహదారి నెక్కినపిమ్మట, నిద్ర ముంచుకొనివచ్చు ఆ తిన్నని దారిలో, మరల దానిని మేల్కొల్పవలెనని వాని యుద్దేశము. మేల్కొల్పుట మఱచిన దినములే ఎక్కువయని మొన్న తానే ఒప్పుకొనినాడు.