అంజూరపు చెట్టును నరికే ముందు



మీ పెరట్లో గాని, డాబా మీద కుండీలో గాని అంజూరపు చెట్టు ఉన్నదా? ఉంటే అది కాయలు కాస్తున్నదా? సంఘములోని ఇండ్లను దర్శించుటకు వెళ్ళినప్పుడు ఈ మొక్క నాకు చాలాచోట్ల కనబడుతున్నది. కనబడినచోటనెల్ల ఇంచుమించు ఒకే మాట వినబడుతున్నది. "అయ్యగారూ, ఆకులైతే బాగా వచ్చాయి గాని కాయ మాత్రం లేదండి. తీసేద్దామనుకుంటున్నాము."

ఆ మాట నేను కూడ ఒకప్పుడు అన్నవాడినే. మేముండే ఇంటి వెనుక, ప్రహరీ గోడ ప్రక్కన, వేపచెట్టు క్రింద ఒక అంజూరపు కొమ్మ నాటాను. మూడేండ్లు గడిచాయి. చెట్టు నా తల దాటి పెరిగింది. ఆకులు అరచేయికి రెండింతలు ఉన్నాయి. కాయ మాత్రం ఒక్కటి లేదు. బలము చాలదేమోనని నెలనెలా గుప్పెడు యూరియా వేస్తూ వచ్చాను. నాల్గవ యేట విసుగు పుట్టి, ఆ స్థలములో స్కూటరుకు రేకుల షెడ్డు వేద్దామని, చెట్టు కొట్టుటకు మనిషిని కూడ మాట్లాడాను. ఆ సాయంకాలము మా అమ్మగారు వెనుక గుమ్మములో కూర్చుని ఒక్క మాట అడిగారు. "నాయనా, ఆ చెట్టు మీద ఎండ పడగా నువ్వెప్పుడైనా చూశావా?"

నా దగ్గర జవాబు లేదు.

లూకా సువార్త 13వ అధ్యాయము 6 నుండి 9 వచనములలో ఉన్న ఉపమానము మీకు తెలిసినదే. యజమాని మూడేండ్లు వచ్చి ఫలము వెదకి, ఏమియు దొరకక, చెట్టును నరికివేయుమంటాడు. తోటమాలి ఇంకొక్క యేడాది గడువు అడుగుతాడు. ఈ భాగము మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రతిసారి చెట్టును గూర్చి, దాని ఫలమును గూర్చి మాట్లాడాను. అయితే తోటమాలి ఊరకనే గడువు అడిగాడా? లేదు. చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను అని తన పనిని ముందు పెట్టి అడిగాడు. గడువు చెట్టుకు, చాకిరి తనకు! ఆ సంగతి నాకు వేపచెట్టు నీడలోనే అర్థమైంది. గనుక ఈ చెట్టుకు మనము చేయవలసిన పని ఏమిటో వివరముగా చూద్దాము.

మొట్టమొదటిగా, ఈ చెట్టు ఎటువంటిదో తెలిసికొనవలెను. మన పొలాల గట్ల మీద పెరిగే మేడి, ఇంట్లో పెంచే అంజూర ఒకే కుటుంబమునకు చెందినవి గాని ఒకటి కావు. జక్కయ్య ఎక్కినది మేడిచెట్టు అని మన తెలుగు బైబిలులో ఉన్నది. అది అంజూరమునకు దగ్గరి చుట్టమైన మరొక చెట్టు. ఈ జాతి చెట్లన్నిటిలో ఒక వింత ఉన్నది. అంజూరకు పువ్వులు కనబడవు. ఎందుకు? పువ్వులన్నీ కాయ లోపలనే ఉంటాయి. మనము కాయ అనుకొనేది నిజానికి వందలకొద్ది చిన్న పువ్వులను లోపల దాచుకొన్న సంచి వంటిది. గనుక "పూత రాలేదు, కాయ ఎలా వస్తుంది?" అని దిగులు పడనక్కరలేదు.

స్మిర్నా వంటి కొన్ని రకములకు కాయ నిలవాలంటే ఒక చిన్న కందిరీగ జాతి పురుగు లోపలికి వెళ్ళి పుప్పొడి చేర్చవలెను. అమెరికాలోని కాలిఫోర్నియాలో స్మిర్నా చెట్లు నాటిన రైతులకు ఏండ్ల తరబడి కాయలు నిలువక రాలిపోయాయి. 1899లో ఆ పురుగును అక్కడ స్థిరపరచిన తరువాతనే పంట చేతికి వచ్చింది. చూశారా, అక్కడ కూడ లోపము చెట్టులో లేదు! అయితే మన దేశములో ఎక్కువగా పెంచే పూనా అంజూరకు ఆ పురుగుతో పని లేదు. పుప్పొడి లేకుండానే కాయ ఎదుగుతుంది. పూణే జిల్లాలోని పురందర్ ప్రాంతపు అంజూర ఎంతో పేరు గలది. 2016లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. మొక్క కొనేటప్పుడు రకము పేరు తప్పక అడగండి.

రెండవదిగా, నాటుట. అంజూరను విత్తనముతో కాక కొమ్మతో పెంచుతారు. ఇది మిక్కిలి పాత పద్ధతి. యొర్దాను లోయలో గిల్గాలు అనే చోట త్రవ్వకాలలో సుమారు 11,400 ఏండ్ల నాటి అంజూరపు పండ్లు దొరికాయి. అవి మనుష్యులు కొమ్మలు నాటి పెంచిన చెట్లవై ఉంటాయని వాటిని పరిశీలించినవారు 2006లో వ్రాశారు. ఆ అభిప్రాయముతో ఏకీభవించనివారు కూడ ఉన్నారు. ఏదియెట్లున్నను, పని మాత్రం సులువు. ఒక సంవత్సరము ముదిరిన, పెన్సిలు లావు కొమ్మను 8 నుండి 10 అంగుళాల పొడవు కోయండి. దానిమీద మూడు నాలుగు కణుపులు ఉండవలెను. కోసినచోట కారే పాలు ఆరిన తరువాత, ఇసుక, ఎర్రమట్టి, చివికిన ఎరువు కలిపిన సంచిలో రెండు కణుపులు మునిగేటట్లు గ్రుచ్చి, నీడలో పెట్టండి. మట్టి తడిగా ఉండాలి గాని బురద కాకూడదు. నెల, నెలన్నరలో వేళ్ళు వస్తాయి.

పెరట్లో నాటేవారు రెండు అడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంట తీసి, పై మట్టిలో చివికిన పశువుల ఎరువు, కొంచెము వేపపిండి కలిపి నింపండి. ఇంటి గోడకు, మురుగు గొట్టాలకు పది పదిహేను అడుగుల దూరములో నాటండి. దీని వేళ్ళు దూరము ప్రాకుతాయి. స్థలము లేనివారు దిగులుపడవద్దు. అడుగున రంధ్రాలున్న పెద్ద కుండీలో గాని, పాత డ్రమ్ములో సగములో గాని పెంచవచ్చును. వేళ్ళకు చోటు కొంచెము ఇరుకైతే చెట్టు ఆకులు తగ్గించి కాపు మీదికి వస్తుంది కూడ.

మూడవదిగా, ఎండ. ఈ చెట్టుకు రోజుకు కనీసము ఆరు గంటల ఎండ నేరుగా తగలవలెను. నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. నీడలో చెట్టు బ్రతుకుతుంది, ఆకులు వేస్తుంది, పొడవు సాగుతుంది. కాయ మాత్రం కాయదు.

నాల్గవదిగా, ఎరువు, నీళ్ళు. నత్రజని ఎక్కువైతే చెట్టు అంతా ఆకులకే పోతుంది. నేను నెలనెలా వేసిన యూరియా నీడలో ఉన్న చెట్టును మరింత ఆకు మీదికే త్రిప్పింది. ప్రేమతో పెట్టినదే అయినా, అక్కరలేనిది పెట్టాను! ఎదిగిన చెట్టుకు ఏటా రెండు మూడు తట్టల చివికిన ఎరువు, ఒక కిలో వేపపిండి, గుప్పెడు కట్టెల బూడిద చాలును. మొదలుకు ఆనించక, కొమ్మలు పరచుకొన్నంత మేర చుట్టూ పైపైన తవ్వి వేయండి. మట్టి గుల్లబారి వేళ్ళకు గాలి ఆడుతుంది. నీరు వేసవిలో వారానికి రెండుసార్లు, కుండీకైతే దాదాపు ప్రతిరోజు కావాలి. కాయ ఎదిగేటప్పుడు కొన్నాళ్ళు ఎండబెట్టి ఒక్కసారిగా పారబోస్తే కాయలు పగులుతాయి, రాలుతాయి.

అయిదవదిగా, కత్తిరింపు. అంజూరలో ప్రధానమైన కాపు క్రొత్తగా వచ్చిన రెమ్మల మీద, ఆకు మొదట్లో వస్తుంది. గనుక క్రొత్త రెమ్మలు రావాలంటే పాత కొమ్మలను కత్తిరించవలెను. మహారాష్ట్ర రైతులు రెండు కాపులను ఎరుగుదురు. వానకాలపు కాపు పులుపు గనుక దానిని ఖట్టా బహార్ అంటారు. వేసవిలో వచ్చేది తియ్యని మీఠా బహార్. మన తెలుగు ప్రాంతములలో కూడ వానలు తగ్గుముఖము పట్టాక, సెప్టెంబరు చివర గాని అక్టోబరులో గాని కత్తిరిస్తే, ఇంచుమించు ఫిబ్రవరి, మార్చి నెలలలో పొడి వాతావరణములో పండ్లు వస్తాయి. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకొనే కొమ్మలు తీసివేసి, మిగిలినవాటి చివరలు తగ్గించండి. చెట్టు నడుమ వెలుతురు పడేటట్లు చూడండి. కోసినచోట కారే పాలు చర్మము మీద పడి, ఆపైన ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి. చేతులకు తొడుగులు వేసుకోండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

ఇక తెగుళ్ళు. వానకాలములో ఆకు అడుగున గోధుమరంగు పొడి కనబడితే అది త్రుప్పు తెగులు. రాలిన ఆకులను ఊడ్చి కాల్చివేయండి. ప్లాస్టిక్ పాత్రలలో పది గ్రాముల మైలుతుత్తమును, పది గ్రాముల సున్నమును వేరువేరుగా కరిగించి, రెండును కలిపి ఒక లీటరు నీరు చేసి చల్లవచ్చును. ఇనుప పాత్ర వాడవద్దు. మొదట్లో రంపపు పొట్టు రాలుతూ ఉంటే కాండము తొలిచే పురుగు చేరినదన్నమాట. రంధ్రములో తీగ పెట్టి పురుగును లాగివేసి, మట్టితో మూసివేయండి. వేళ్ళ మీద బుడిపెలు కనబడితే నులిపురుగులున్నవి. వేపపిండి వేయుట, చుట్టూ బంతి నాటుట మంచిది. కాయలకు రంగు తిరగగానే పిట్టలు వస్తాయి. పలుచని గుడ్డ సంచులు కట్టండి.

కోత విషయములో తొందరపడకండి. మామిడి, అరటివలె అంజూర కోసిన తరువాత మగ్గదు. పండు మెత్తబడి, మెడ వంగి క్రిందికి వ్రేలాడినప్పుడు కోయవలెను. తొడిమ దగ్గర తెల్లని పాలు ధారగా కారితే అది ఇంకా పండలేదని గుర్తు. కోసిన పండు ఒకటి రెండు రోజులకు మించి నిలువదు. గనుక ఎక్కువ కాసినప్పుడు ఇరుగుపొరుగుకు పంచుటే దానికి తగిన దారి.

మా చెట్టు సంగతి ఏమైనదని అడుగుతారేమో. మాట్లాడిన మనిషిని పిలిపించి, అంజూరకు బదులు వేపకొమ్మలు కొట్టించాను. యూరియా మానివేశాను. సెప్టెంబరు చివరలో కత్తిరించి, చుట్టూ తవ్వి ఎరువు వేశాను. మట్టి ఎంత గట్టిపడి ఉన్నదో గునపము దింపినప్పుడు గాని నాకు తెలియలేదు. ఫిబ్రవరిలో పదకొండు పండ్లు వచ్చాయి. అందులో నాలుగు, నేను ఊరు వెళ్ళి నీళ్ళు సరిగా పెట్టనందున, పగిలిపోయాయి. మిగిలిన ఏడింటిలో మొదటిది అమ్మగారి చేతిలో పెట్టాను. ఆమె దానిని రెండుగా చీల్చి, సగము నాకిచ్చి, "ఇంతకాలం దాన్ని తిట్టావు గదా, ఇప్పుడు తిను" అన్నారు.

ప్రియులారా, ప్రతి చెట్టూ కాస్తుందని నేను చెప్పడము లేదు. ఎండ, కత్తిరింపు, ఎరువు అన్నీ అమర్చి, రెండేండ్లు చూచినా కాయకపోతే అది మన నేలకు తగని రకము కావచ్చును. అప్పుడు మంచి రకపు కొమ్మ తెచ్చి నాటుకోండి. అయితే ఆ తీర్పు చెప్పకముందు మన వంతు పని మనము చేశామా? కాయలేదన్న మాట సులువుగా అంటాము. ఎండ తగిలిందా, మట్టి గుల్లగా ఉన్నదా, పెట్టకూడనిది పెట్టామా అని అడుగము. ఇంట్లో చదువు రాని పిల్లవాని విషయములోను, సంఘములో వెనుకబడిన సహోదరుని విషయములోను ఇలాగే తొందరపడి ఉంటామేమో, ఎవరికి వారు ఆలోచించుకొందురు గాక.

రేపు ఉదయము మీ చెట్టు దగ్గరకు వెళ్ళండి. గొడ్డలితో కాదు. దాని మీద ఎన్ని గంటలు ఎండ పడుతున్నదో ఒక దినమంతా గమనించండి. పని అక్కడనుండి మొదలుపెట్టండి.