గజ్జెల వెల యెవరు చెల్లింపవలెను?

మే మెఱిగిన యొక నాట్యాచార్యురాలి యింట జరిగిన సంగతి యిది. పదేండ్ల బాలిక యొకతె ఆమె కడ కూచిపూడి నేర్చుకొనుచుండెను. రెండు నెలల రుసుము నిలిచిపోయినది. ఆచార్యురా లడుగలేదు. పాపయే దగ్గరకు వచ్చి, "అమ్మ నాన్న నడుగుమన్నది, నాన్న అమ్మ నడుగుమన్నాడు. గజ్జెలు తిరిగి యిచ్చివేయవలెనా అండీ?" అని యడిగినదట. ఆ తల్లిదండ్రులు మూడేండ్లుగా వేఱుగా నున్నారు. ఇద్దఱును ఉద్యోగులే. పిల్లపై ప్రేమ లేనివారును కారు. అయితే విడిపోవునపుడు వారు వ్రాసికొన్న యొడంబడికలో బడి జీతము, మందుల ఖర్చు, తిండి, బట్ట మాత్రమే కలవు. నాట్యము మాట ఆనా డెవరికిని తోచలేదు.

దంపతులు విడిపోవుట తగునా తగదా యను వాదమునకు మే మిచ్చట దిగము. విడిపోయిన పిదప బిడ్డ సంగీతమో, ఈతయో, చదరంగమో యెవరి సొమ్ముతో నేర్చుకొనవలెనన్నదే మా ప్రశ్న. దీనికి చట్టము కొంత సమాధానము చెప్పుచున్నది. మన సోదరీమణులలో ననేకులకు అది తెలియదు.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము 20వ సెక్షను ప్రకారము మైనరు బిడ్డలను పోషించు బాధ్యత తండ్రికిని తల్లికిని గూడ కలదు. మనోవర్తి యనగా అన్నవస్త్రములు, నివాసము, వైద్యము మాత్రమే కావు, విద్యయు నందు చేరినదని ఆ చట్టమే చెప్పినది. ఇతర మతములవారు సైతము 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను క్రింద బిడ్డలకై మనోవర్తి కోరవచ్చును. పూర్వము 125వ సెక్షనని అందఱును చెప్పుకొనునది యిదియే.

మఱి నాట్యము విద్యయా, వినోదమా? తగవంతయు నిక్కడనే పుట్టును. 2020 నవంబరు 4వ తేదీన సుప్రీంకోర్టు మనోవర్తి విషయమై యిచ్చిన తీర్పులో నీ సంగతి యెత్తినది. చదువునకు తోడుగా నుండు అదనపు శిక్షణల వ్యయమును గూడ లెక్కలోనికి తీసికొనవలెను. అయితే అది సబబైన మొత్తముగా నుండవలెను గాని ఆడంబరముగా నుండరాదు. బిడ్డల చదువు ఖర్చు సాధారణముగా తండ్రి భరింపవలెను. తల్లికి చాలినంత సంపాదన యున్నచో ఇద్దఱును తమ తమ రాబడినిబట్టి పంచుకొనవచ్చును. ఇదీ ఆ తీర్పు సారాంశము. 2000 సంవత్సరమునందే వేఱొక వ్యాజ్యములో, తండ్రి జీతము తల్లి జీతమునకు రెట్టింపుగా నుండుటచే, బిడ్డల పోషణను రెండు పాళ్లు ఒక పాలుగా భరింపుడని అదే న్యాయస్థానము నిర్ణయించినది.

కావున "సగము సగము" అనుట వినుటకు న్యాయముగా తోచినను, అన్ని యిండ్లకును న్యాయము కాదు. తండ్రికి నెలకు 60,000 రూపాయలు, తల్లికి 30,000 రూపాయలు వచ్చుచున్నవనుకొందము. నాట్యమునకు నెలకు 1,500 రూపాయలైనచో తండ్రి 1,000, తల్లి 500 ఇచ్చుట సబబు. చెఱి 750 అన్నచో, ఆ రెండువందల యేబదుల తేడా లన్నియు నేడాదికి 3,000 రూపాయలై తల్లి కొంగుననే పడును.

నెలసరి రుసుముతో ఖర్చు తీఱునా? తీఱదు. నాట్యము నేర్పించిన తల్లుల నడుగుడు, చెప్పుదురు. గజ్జెలు, ప్రదర్శనకు కుట్టించు ఆహార్యము, పాపిడిబిళ్ళ, సూర్యచంద్రులు, జడకుచ్చులు, ముఖాలంకారము చేయువారి కూలి, ఆటో బాడుగ. పిల్ల యెదుగుచుండును గదా, రెండేండ్లకు ఆహార్యము పొట్టియగును. దర్జీకి ముందుగానే చెప్పి లోపల మడత విడిచి కుట్టించినచో ఇంకొక యేడాది వచ్చును. రంగప్రవేశము వఱకు వచ్చినదా, గాత్రము, నట్టువాంగము, మృదంగము, వయొలిను పట్టువారి సంభావనలు, మందిరపు అద్దె అన్నియు నొక్కసారిగా మీద పడును. అది చిన్న పెండ్లివంటిది. మొదటినాడే యీ మాట తలచుకొనని తల్లిదండ్రులు ఆనాడు పిల్ల యెదుటనే కలహించుకొందురు.

ఏ పద్దులోను ఎక్కని ఖర్చొకటి కలదు. వారమునకు మూడు సాయంకాలములు పిల్లను తీసికొనిపోయి, గంటసేపు అరుగుపై కూర్చుండి, మరల తీసికొనివచ్చువా రెవరు? తఱచుగా తల్లియే. దానికి వెల కట్టుమని మే మనము గాని, పంపకమునకు కూర్చున్నపు డా గంటలను మఱచుట అన్యాయమందుము.

తండ్రుల పక్షమునను ఒక మాట చెప్పవలెను. అడుగకుండ పిల్లవానిని నాలుగు శిక్షణలలో చేర్చి, నెలాఖరున చీటీ పంపువారు కలరు. సెలవులలో తనవద్దకు వచ్చిన కుమారుని ఖరీదైన క్రికెట్టు శిబిరమునకు పంపి, సగము తల్లి నీయుమను తండ్రులును కలరు. ఇట్టి తావులలో మా అభిప్రాయ మొక్కటే: చేర్చుటకు ముందు రెండవవారి సమ్మతి నడుగవలెను, అడుగనివారే ఖర్చు భరింపవలెను. ఆ యడుగుట నోటిమాటగా గాక, చిన్న ఉత్తరముగానో ఫోనులో సందేశముగానో యుండవలెను.

పరస్పర సమ్మతితో విడాకులు పొందువారు ఒడంబడికలోనే "చదువుగాక ఇతర శిక్షణలు" అని యొక పంక్తి చేర్పించి, పాళ్లు, ఏడాదికి గరిష్ఠ మొత్తము, జీతములు మాఱినపుడు మరల చూచుకొను గడువు వ్రాయించుట మేలు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము ప్రకారము ఆ కోర్టులు మొదట రాజీకే యత్నింపవలెను. అడిగి వ్రాయించుకొనుటకు అదియే తగిన సమయము. అదివఱకే తీర్పు పొందినవారు సైతము, పరిస్థితులు మాఱినవని చూపి మొత్తమును సవరింప కోరవచ్చును.

ఆ బాలిక యింటి సంగతి చెప్పలేదు కదా. ఆచార్యురాలు ఇద్దఱికిని వేఱువేఱుగా కబురు పంపి, పిల్లచేత ఇకమీద డబ్బు మాట పలికింపవలదని మందలించినదట. ఇప్పుడు ఎవరి పాలు వారు నేరుగా ఆమెకే చెల్లించుచున్నారు. ఒకరి చేతిలోనుండి మఱియొకరి చేతికి పైకము పోవుట లేదు. ఆమె యొక చిన్న పుస్తకములో రెండు వరుసలుగా వ్రాసి, నెలకొకసారి ఆ పుట ఛాయాచిత్రము ఇద్దఱికిని పంపుచున్నది. క్రిందటి మాసపు పుటలో క్రొత్త గజ్జెలకు తండ్రి వరుసలోనొక అంకె, తల్లి వరుసలోనొక అంకె కలవు.