పొదుపరి పొరుగు

రాయచోటి మెట్టప్రాంతమున పొరుగురైతు లోతుగా బోరు వేసినచో ప్రక్కవాని బోరు ఎండుట కలదు. ఒకడు వేరుసెనగతో తృప్తిపడగా, గట్టుకావల వరి పచ్చగా నూగుచుండును. మరి పొదుపరియే నష్టపోవలెనా?

ఇట్టి ప్రశ్నకే 1992లో మార్టిన్ నోవాక్, రాబర్ట్ మే అను శాస్త్రజ్ఞులు కంప్యూటరుపై ఒక నమూనా నిర్మించిరి. తెరనిండ గళ్లు, గడికొక ఆటగాడు. కొందరు సహకారులు, కొందరు స్వార్థపరులు. ప్రతివాడును ఇరుగుపొరుగుతోనే ఆడి, పిమ్మట వారిలో అధికలాభము పొందినవాని పద్ధతిని అవలంబించును. ఆలోచనగాని, జ్ఞాపకముగాని లేదు. మనుష్యులు అంత అమాయకులు కారు! అందరును అందరితో ఆడునపుడు స్వార్థమే గెలుచును. ఇరుగుపొరుగుతోనే ఆడునపుడు మాత్రము, లాభము మితి మీరనిచో, సహకారులు గుంపులుగా నిలువగలరు. గుంపు నడుమ నున్నవానికి దెబ్బ తగులదు; పోరంతయు అంచుననే. నెట్‌లోగో వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో విద్యార్థులును దీనిని పరీక్షింపవచ్చును.

అయితే భూగర్భజలము గళ్లగీతల నెరుగదు. అందుచే పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ గ్రామములలో రైతులచేతనే ఆడించిరి. ఏటేటా తక్కువ నీటి పైరో, ఎక్కువ నీటి పైరో ఎంచుకొనవలెను. అందరి ఎంపికను బట్టి నీటిమట్టము దిగును. ఏడాది గడచునప్పటికి, ఆడని ఊళ్లకంటె ఆడిన ఊళ్లలో నీటిలెక్కల పుస్తకములు, వాడుక నియమములు ఎక్కువగా నేర్పడినవని 2018లో ప్రకటించిరి. ఆటమాత్రముచే నీరు పైకి రాదనియు వారే చెప్పిరి.