కొత్త స్పీకర్ కొనే ముందు పాతదాని చోటు మార్చి చూడండి: ఇంట్లో ఆడియో సెటప్ గైడ్

సౌండ్‌బార్ గానీ హోమ్ థియేటర్ గానీ కొన్న నెల రోజులకే చాలా ఇళ్లలో వినిపించే కంప్లయింట్ ఒకటే. "డైలాగులు సరిగ్గా అర్థం కావట్లేదు. వాల్యూమ్ పెంచితే ఫైట్ సీన్‌కి ఇల్లు అదిరిపోతోంది." రిమోట్ చేతిలో పట్టుకుని పెంచుతూ, తగ్గిస్తూ సినిమా చూడటం అలవాటైపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లు సగం డైలాగులు వదిలేసి, "ఏమన్నాడు?" అని పక్కవాళ్లను అడుగుతుంటారు. తర్వాత వచ్చే ఆలోచన: ఇంకో 20 వేలు పెట్టి పెద్దది కొందామా?

చాలాసార్లు అవసరం ఉండదు. ముందు ఒక టేపు, ఒక గంట టైమ్, బరువు పట్టడానికి ఒక మనిషి సాయం చూసుకోండి. అదే స్పీకర్ అదే గదిలో వేరే చోట పెడితే ఎంత తేడా వస్తుందో మీరే వింటారు.

అసలు సమస్య ఎక్కడుంది?

మన హాల్స్‌లో కింద టైల్స్ లేదా గ్రానైట్, నాలుగు వైపులా ప్లాస్టర్ చేసిన గోడలు, పైన స్లాబ్. అన్నీ గట్టి ఉపరితలాలే. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే దాదాపు ఒక మిల్లీసెకనుకు ఒక అడుగు. స్పీకర్ మీకు 8 అడుగుల దూరంలో ఉంటే నేరుగా వచ్చే శబ్దం 7 మిల్లీసెకన్లలో చేరుతుంది. పక్క గోడకి తగిలి 11 అడుగులు తిరిగొచ్చే శబ్దం ఇంకో 3 మిల్లీసెకన్లు లేటుగా వస్తుంది. అంత చిన్న గ్యాప్‌ని మన మెదడు ప్రతిధ్వనిగా గుర్తించదు, రెండింటినీ కలిపేస్తుంది. ఇలాంటివి పదుల సంఖ్యలో కలిస్తే మాట అలుక్కుపోయినట్టు వినిపిస్తుంది.

రెండో కారణం బేస్. మాట స్పష్టంగా అర్థం కావాలంటే స, త, క, ప లాంటి హల్లులు బాగా వినపడాలి. అవి ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, పైగా చాలా మెత్తగా ఉంటాయి. కింది ఫ్రీక్వెన్సీలు బలంగా ఉంటే చెవి పై ఫ్రీక్వెన్సీలను సరిగ్గా పట్టుకోలేదు. దీన్ని మాస్కింగ్ అంటారు. అంటే డైలాగ్ వినపడకపోవడానికి కారణం డైలాగ్ తక్కువ ఉండటమే కానక్కర్లేదు, బేస్ ఎక్కువ ఉండటం కూడా కావచ్చు. వాల్యూమ్ పెంచితే రెండూ పెరుగుతాయి కాబట్టి సమస్య అలాగే ఉంటుంది.

స్టెప్ 1: మూల నుంచి బయటకు తీయండి

స్పీకర్‌ని గోడకి ఆనించి పెడితే వెనక్కి వెళ్లాల్సిన బేస్ కూడా ముందుకే వస్తుంది. మూలలో పెడితే రెండు గోడలు, నేల కలిసి ఇంకా పెంచుతాయి. షాపులో బాగా వినిపించిన స్పీకర్ ఇంట్లో 'గుమ్ గుమ్' అనడానికి ఇదే ముఖ్య కారణం.

బుక్‌షెల్ఫ్ లేదా టవర్ స్పీకర్లయితే వెనక గోడకి కనీసం ఒక అడుగు, పక్క గోడకి రెండు అడుగుల గ్యాప్ ఇచ్చి మొదలుపెట్టండి. వెనక వైపు గుండ్రటి రంధ్రం, అంటే పోర్ట్, ఉన్న మోడల్స్‌కి ఈ గ్యాప్ ఇంకా ముఖ్యం. హాల్ చిన్నది, అంత చోటు లేదంటారా? చాలా కంపెనీలు పోర్ట్‌లో పెట్టే స్పాంజ్ ప్లగ్ బాక్స్‌లోనే ఇస్తాయి. అది పెడితే బేస్ తగ్గుతుంది.

షోకేస్‌లోంచి తీయడానికి అమ్మ ఒప్పుకోకపోతే, కనీసం స్పీకర్ ముందు భాగం అర అంచుకి సమానంగా వచ్చేలా ముందుకు జరపండి. లోపలికి పెడితే శబ్దం ముందు ఆ చెక్క పెట్టెలోనే తిరిగి తర్వాత బయటికొస్తుంది.

స్టెప్ 2: త్రిభుజం

రెండు స్పీకర్ల సెటప్‌కి సూత్రం సింపుల్. ఎడమ స్పీకర్, కుడి స్పీకర్, మీ తల, ఈ మూడూ సమబాహు త్రిభుజం కావాలి. స్పీకర్ల మధ్య 6 అడుగులుంటే, ఒక్కో స్పీకర్ నుంచి మీకు కూడా 6 అడుగులు. ట్వీటర్, అంటే పైన ఉండే చిన్న డ్రైవర్, సోఫాలో కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తులో ఉండాలి. చాలా సోఫాలకి అది నేల నుంచి 3 అడుగులు, కొంచెం అటూ ఇటూ. నేల మీద పెట్టక తప్పకపోతే ముందు భాగం పైకి చూసేలా వంచి పెట్టండి.

పెట్టాక ఒక మంచి పాట వేయండి. గాయకుడి గొంతు రెండు స్పీకర్ల సరిగ్గా మధ్యలో నుంచి, అక్కడెవరో నిలబడి పాడుతున్నట్టు రావాలి. గొంతు గదంతా పరుచుకున్నట్టుండి, బేస్ కూడా పల్చగా ఉంటే వైర్లు చూడండి. ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు తారుమారయ్యుంటాయి.

స్టెప్ 3: సోఫా కూడా సెటప్‌లో భాగమే

ప్రతి గదికీ తన సొంత బేస్ ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. 12 అడుగుల పొడవున్న గదిలో సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం రెండు గోడల మధ్య నిలబడిపోతుంది. ఆ ఫ్రీక్వెన్సీ గోడల దగ్గర చాలా ఎక్కువగా, గది మధ్యలో దాదాపు లేనట్టుగా వినిపిస్తుంది. మన ఇళ్లలో సోఫా ఎప్పుడూ వెనక గోడకి ఆనుకునే ఉంటుంది. అంటే మీరు కూర్చునేది బేస్ అత్యధికంగా ఉండే చోటే! సోఫాని ఒకటి, ఒకటిన్నర అడుగు ముందుకు జరిపి అదే సీన్ మళ్లీ చూడండి. డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువ తేడా తెచ్చే మార్పుల్లో ఇదొకటి.

స్టెప్ 4: సబ్‌వూఫర్‌కి చోటు వెతకండి

దీనికో పాత ట్రిక్ ఉంది. సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే సీటు మీద పెట్టండి. బేస్ గిటార్ బాగా వినిపించే పాట రిపీట్‌లో వేయండి. ఇప్పుడు మీరు మోకాళ్ల మీద గోడల వెంబడి తిరుగుతూ వినండి. కొన్ని చోట్ల మోత, కొన్ని చోట్ల ఏమీ లేనట్టుంటుంది. ప్రతి నోటూ ఒకే బలంతో వినిపించిన చోట సబ్‌వూఫర్ పెట్టేయండి. వినే చోటు, శబ్దం వచ్చే చోటు అటూ ఇటూ మార్చినా ఫలితం దాదాపు ఒకటే కాబట్టి ఇది పనిచేస్తుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

సౌండ్‌బార్, 5.1 ఉన్నవాళ్లకి

- సౌండ్‌బార్ టీవీ యూనిట్ గూడు లోపల ఉండకూడదు. ముందు అంచు దాకా లాగండి, ముందు సెట్ టాప్ బాక్స్, ఫోటో ఫ్రేములు లాంటివేమీ పెట్టొద్దు.
- 5.1 లో సినిమా డైలాగ్ ఎక్కువగా సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది. అది మీ చెవి వైపు చూడాలి. సెట్టింగ్స్‌లో సెంటర్ లెవెల్ 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి.
- సరౌండ్ స్పీకర్లు వెనక గోడ మూలల్లో కాదు, మీ పక్క నుంచి కొంచెం వెనక్కి ఉండాలి. టీవీని 0 డిగ్రీలు అనుకుంటే, అంతర్జాతీయ ఐటీయూ సిఫార్సు ప్రకారం 100 నుంచి 120 డిగ్రీల మధ్య.
- పైకి శబ్దం కొట్టే డాల్బీ అట్మాస్ మోడల్స్‌కి చదునైన సీలింగ్ కావాలి. మెట్లు మెట్లుగా డిజైన్ చేసిన ఫాల్స్ సీలింగ్ ఉన్న హాల్‌లో ఆ ఫీచర్‌కి అదనంగా డబ్బు పెట్టే ముందు ఆలోచించండి.

గదిని కాస్త మెత్తబరచండి

గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. వెనకే 'ఝుం' మని తోక వినిపిస్తే గదిలో మెత్తటి వస్తువులు తక్కువున్నట్టు. సోఫాకీ స్పీకర్లకీ మధ్య నేల మీద ఒక మందపాటి కార్పెట్ లేదా బొంత, కిటికీలకి బరువైన కర్టెన్లు వేస్తే మాటలో స్పష్టత పెరుగుతుంది. పక్క గోడ మీద ఎక్కడ వేయాలో తెలియాలంటే ఒకరిని అద్దం పట్టుకుని గోడ వెంట నడవమనండి. సోఫాలోంచి మీకు అద్దంలో స్పీకర్ కనిపించే చోటే శబ్దం గోడకి తగిలి మీ దగ్గరికి వస్తోంది. అక్కడ కర్టెన్ గానీ, నిండుగా ఉన్న పుస్తకాల అర గానీ వస్తే చాలు. అయితే ఇవి బేస్‌ని పెద్దగా తగ్గించవు. దానికి చోటు మార్చడమే మందు.

టెస్ట్ మొత్తం ఫ్యాన్ ఆన్‌లో ఉంచే చేయండి. రోజూ మీరు చూసేది అలాగే కదా!

అపార్ట్‌మెంట్‌లో రాత్రి పూట

సబ్‌వూఫర్ కింద రబ్బర్ లేదా ఫోమ్ ప్యాడ్ వేస్తే నేలకి పాకే వైబ్రేషన్ తగ్గుతుంది. కానీ గాలిలో వెళ్లే బేస్ గోడలు దాటి పక్కింటికి వెళ్తూనే ఉంటుంది. నైట్ మోడ్ ఆన్ చేయండి. అది పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పెంచుతుంది. నిద్రపోతున్న పిల్లలకీ, గోడకి అవతల ఉన్నవాళ్లకీ మంచిది. డైలాగ్ కూడా బాగా అర్థమవుతుంది.

చివరిగా ఒక మాట

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. కోడ్ డీబగ్ చేసినట్టే, రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ప్రతి మార్పు తర్వాత అదే రెండు నిమిషాల సీన్, అదే వాల్యూమ్‌లో వినండి. నచ్చిన చోట నేల మీద టేపు ముక్క అంటించుకోండి, ఇల్లు ఊడ్చినప్పుడు జరిగినా మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా డైలాగ్ అర్థం కాకపోతే అప్పుడు కొత్తదానికి బడ్జెట్ వేసుకోండి. కనీసం ఏం తక్కువైందో తెలిసి కొంటారు. వాట్స్, చానెల్స్ నంబర్లు చూసి కాకుండా, మీ గదికి ఏం కావాలో చూసి కొంటారు.