ముదిమిలో మతిమరుపు: మెదడు చిత్రము, వంశలక్షణము

తుంగతుర్తి ప్రాంతపు పల్లెలలో ఒక వృద్ధుడు నిత్యము నడచు పొలముదారిని మరచినచో, ఇంటివారు చాదస్తమని తోసివేయుట కలదు. డెమెన్షియా అను ఈ వ్యాధి ముదిమికి సహజమైన మరపు కాదని పంచాయతీ సభ్యులు గ్రహింపవలెనని కోరుచున్నాము.

దీని మూలమును వెదకుటకు శాస్త్రజ్ఞులు రెండు పరీక్షలను జతపరచుచున్నారు. ఎం.ఆర్.ఐ. యంత్రము తీసిన చిత్రములో, జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోక్యాంపస్ అను మెదడు భాగము ఎంత కృశించినదో కొలువవచ్చును. రక్తపరీక్ష వలన తల్లిదండ్రులనుండి సంక్రమించిన జన్యువులలోని భేదములు తెలియును. అపో-ఇ అను జన్యువుయొక్క ఒక రూపము కలవారికి ఆల్జీమర్స్ వ్యాధి ముప్పు హెచ్చని 1993లో తేలినది. అయినను అట్టివారందరికిని వ్యాధి రాదు. ఆ రూపము లేనివారికిని రావచ్చును. ఏ జన్యువు కలవారి మెదడు ఏ వయస్సున ఎంత వేగముగా కృశించునో తెలియవలెనన్న, ఒకే మనిషి రక్తమును, మెదడు చిత్రములను ఏండ్ల తరబడి పోల్చి చూడవలెను.

ఇట్టి పరిశోధనలు హెచ్చుగా ఐరోపా సంతతివారిపైననే జరిగినవి. వారి లెక్క మన పల్లెలకు సరిపోవునని ఎట్లు నమ్మగలము? ఈ లోటు తీర్చుటకే బెంగుళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వారు, తెలుగు విరివిగా వినబడు కోలారు జిల్లా శ్రీనివాసపురము తాలూకా గ్రామములలో 2018లో అధ్యయనమునకు పూనుకొనిరి. 45 ఏండ్లు దాటిన 10,000 మందిని చేర్చుకొనుట వారి లక్ష్యము.

విటమిన్ బి-12 లోపము వలనను, థైరాయిడ్ లోపము వలనను కలుగు మరపు మందులతో తగ్గవచ్చును. కావున అట్టి వృద్ధులను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అంతవరకు వారిచే ఆస్తి పత్రములపై వేలిముద్రలు వేయింపనీయరాదు.